మోటిఫ్ ఎక్స్ఎఫ్‌లో లెగ్ హార్మోనియం శాంపిల్: టిక్కు పోయింది, గుక్క మిగిలింది

తెనాలి_కీస్ · శనివారం, రాత్రి 11:20

అందరికీ నమస్కారం. చాలాకాలంగా ఇక్కడ చదవడమే గానీ రాయడం ఇదే మొదలు. విషయం కొంచెం పొడుగు, ఓపిక పట్టండి.

మా నాన్నగారు పద్యనాటకాలకి హార్మోనిస్టు. ముప్పై ఏళ్లకి పైగా లెగ్ హార్మోనియం తొక్కారు. ఇప్పుడు మోకాళ్లు సహకరించడం లేదు. పైగా ఆ పెట్టెని ఆటో ఎక్కించాలంటే ఇద్దరు మనుషులు కావాలి. నేను ఆర్కెస్ట్రాలో కీబోర్డు వాయిస్తాను, సెకండ్ హ్యాండ్‌లో కొన్న యమహా కీబోర్డు, మోటిఫ్ ఎక్స్ఎఫ్7 ఉంది. వచ్చే నెల తిరునాళ్లకి నాటకం పెట్టారు, ఈసారి పెట్టె దగ్గర నన్ను కూర్చోమన్నారు. కీబోర్డులో ఉన్న రీడ్ టోను ఒకటి పెట్టి పద్యం వాయించి చూపిస్తే నాన్న రెండు నిమిషాలు విని, "సర్కస్ డేరా ముందు నిలబడ్డట్టుందిరా" అన్నారు. దాంతో ఆయన పెట్టెనే శాంపిల్ చేద్దామని, అంటే దాని నాదాన్నే రికార్డు చేసి కీబోర్డు మెట్లకి తగిలిద్దామని దిగాను.

ఫ్యాన్లు, ఫ్రిజ్జు ఆపేసి (ఈ ఎండల్లో!), మైకుని మిక్సర్‌లోకి, మిక్సర్ నుంచి మోటిఫ్ వెనక ఏ/డీ ఇన్‌పుట్‌లోకి ఇచ్చాను. ఇంటిగ్రేటెడ్ శాంప్లింగ్ నొక్కి ఒక్కో మెట్టూ 8 సెకన్లు పట్టాను. నాన్న తొక్కారు, నేను రికార్డు నొక్కాను. రెండు వరసల రీడ్లూ (గాలికి అదిరి మోగే రేకులు) తెరిచే ఉన్నాయి, ఆయన ఎప్పుడూ అలాగే వాయిస్తారు. పెట్టెలో 42 మెట్లుంటే మూడింటికి ఒకటి చొప్పున 14 పట్టాను, మిగతా వాటికి పక్క మెట్టుదాన్నే సాగదీశాను.

ఇప్పుడు బాధ ఏమిటంటే, లూప్ (మెట్టు పట్టుకున్నంతసేపూ మళ్లీ మళ్లీ తిరిగే శాంపిల్ ముక్క) తిరిగి మొదలయ్యే చోట "టిక్". గంటసేపు నాబ్ తిప్పితే టిక్కు దాదాపు పోయింది. కానీ ప్రతి రెండు సెకన్లకీ ఎవరో గుక్క మింగినట్టు "ఊఁవ్... ఊఁవ్" అని వస్తోంది. పద్యం చివర రాగం లాగేటప్పుడు మెట్టు పట్టుకుని ఉంటాం కదా, అక్కడ మరీ ఎబ్బెట్టుగా ఉంది. ఎలా సర్దాలి?

ప్యాడ్స్_రాజు · శనివారం, రాత్రి 11:48

స్వాగతం అన్నా. నాది ఎస్పీడీ-ఎస్ఎక్స్ డ్రమ్ ప్యాడ్, మాది వరంగల్. డప్పు, డోలు శాంపిళ్లే నా పని. దెబ్బ పడింది, అయిపోయింది, లూపుల గొడవ నాకు తక్కువ. కానీ టిక్కు మందు తెలుసు. తరంగం మధ్య గీతని దాటే చోటే కత్తిరించాలి. పైన ఉన్నప్పుడు కోసి కింద అతికిస్తే స్పీకర్ ఒక్కసారి ఎగిరి పడుతుంది, ఆ చప్పుడే టిక్కు.

గుక్కకి నా సలహా, అంత పెద్ద లూప్ ఎందుకు? ఒక్క సైకిల్ (తరంగం ఒక్కసారి పైకీ కిందికీ వెళ్లి రావడం) పట్టుకుని తిప్పెయ్. గుక్క పట్టడానికి చోటే ఉండదు.

శాంపిల్‌రేటు · ఆదివారం, ఉదయం 7:05

రాజు గారు టిక్కు గురించి చెప్పింది సగమే. గీతని దాటితే చాలదు, దాటే దిశ కూడా కలవాలి. లూప్ మొదట్లో తరంగం కింది నుంచి పైకి వెళ్తుంటే, చివర కూడా కింది నుంచి పైకి వస్తూనే తెగాలి. మోటిఫ్‌లో మూడు పాయింట్లుంటాయి: స్టార్ట్, లూప్, ఎండ్. మొదటిసారి స్టార్ట్ నుంచి ఎండ్ దాకా వెళ్తుంది, తర్వాత లూప్ నుంచి ఎండ్ దాకా తిరుగుతూ ఉంటుంది. అంటే అతుకు పడేది లూప్‌కీ ఎండ్‌కీ మధ్య. చాలామంది లూప్ పాయింట్ ఒక్కటే జరుపుతూ కూర్చుంటారు, ఎండ్ ఎక్కడో రికార్డింగు తోకలో ఉండిపోతుంది. తెనాలి గారూ, ముందు ఎండ్‌ని తొక్కుడు నిలకడగా ఉన్నచోటికి తెచ్చి, తర్వాత లూప్ జరపండి. జూమ్ పూర్తిగా లోపలికి పెట్టాకే జరపండి.

ఇంకొకటి, స్టీరియోలో పట్టారా, మోనోలోనా? స్టీరియో అయితే ఎడమ ఛానెల్ గీతని దాటే క్షణంలో కుడి ఛానెల్ ఎక్కడో ఉంటుంది. రెండూ ఒకేచోట కుదరడం అదృష్టం. హార్మోనియానికి మోనో చాలు.

ఇక ఆ ఒక్క సైకిల్ సలహా మాత్రం వద్దు. లెక్క చూడండి. సెకనుకి 44,100 శాంపిళ్లు (ఇక్కడ శాంపిల్ అంటే తరంగాన్ని కొలిచిన ఒక్కో చుక్క). ఒకటి శృతి సా, అంటే మధ్య సీ, 261.63 హెర్ట్జ్. ఒక సైకిల్‌కి 168.56 శాంపిళ్లు పడతాయి. లూప్‌కి 168 పెడితే 262.5 హెర్ట్జ్ వస్తుంది, దాదాపు 6 సెంట్లు (సెంటు అంటే అర్ధస్వరంలో నూరో వంతు) పైకి పోయింది. 169 పెడితే నాలుగున్నర సెంట్లు కిందికి. పై స్థాయిలకి వెళ్లేకొద్దీ ఇంకా ఘోరం. రెండు స్థాయిలు పైన ఉన్న సాకి సైకిల్ 42 శాంపిళ్లే, అక్కడ అర శాంపిల్ తేడా వస్తే 20 సెంట్లు. మెట్టు నొక్కగానే శృతిలో ఉండి, లూప్‌లోకి దిగగానే జారుతుంది. అంతగా పొట్టి లూపే కావాలంటే 16 సైకిళ్లు తీసుకోండి, 2,697 శాంపిళ్లు, దాదాపు కచ్చితంగా కుదురుతుంది. కానీ అప్పుడు కూడా వచ్చేది హార్మోనియం కాదు, డోర్‌బెల్.

ప్యాడ్స్_రాజు · ఆదివారం, ఉదయం 8:30

డోర్‌బెల్ 😂 సరే మాస్టారూ, ఒప్పుకున్నా.

తెనాలి_కీస్ · ఆదివారం, మధ్యాహ్నం 2:15

స్టీరియోనే పట్టాను. స్టీరియో-టు-మోనో జాబ్ (శాంపిల్‌ని మార్చడానికి మోటిఫ్‌లో ఉండే పని) నడిపించాను, ఎండ్ జరిపాను. టిక్కు ఇప్పుడు పూర్తిగా పోయింది. ధన్యవాదాలు.

గుక్క మాత్రం ఉంది. ఇప్పుడు నా లూప్ సరిగ్గా 2 సెకన్లు, 88,200 శాంపిళ్లు. అంకె గుండ్రంగా ఉంటే మంచిదేమో అనుకుని పెట్టాను.

న్యూజెర్సీ_శృతి · ఆదివారం, సాయంత్రం 6:40

నేను తంబురా శాంపిల్ చేసినప్పుడు పడ్డ పాట్లు గుర్తొచ్చాయి. మా అమ్మాయి సంగీతం క్లాసు కోసం నా పాత వర్క్‌స్టేషన్‌లో ఒకటి శృతిలో తంబురా పట్టాను. పంచమం, సారణి, అనుసారణి, మంద్రం, నాలుగు తీగలూ ఒక చుట్టు. చక్కగా లూప్ కుదిరింది. అమ్మాయిది ఐదు శృతి. మెట్టు మార్చి జీ నొక్కితే ఎవరో బస్సుకి టైమవుతోందని మీటుతున్నట్టు వినిపించింది! ఏడు అర్ధస్వరాలు పైకి వెళ్తే శాంపిల్ ఒకటిన్నర రెట్ల వేగంతో నడుస్తుంది. శృతితో పాటు వేగమూ పెరుగుతుందన్న సంగతి అప్పటిదాకా తట్టలేదు.

అందుకని నా మాట, మూడింటికి ఒకటి కాదు, 42 మెట్లూ పట్టండి. ఒక్క అర్ధస్వరం జరిపినా వేగం దాదాపు 6 శాతం మారుతుంది. ఆ "ఊఁవ్" వేగం కూడా మెట్టు మెట్టుకీ మారుతూ ఉంటుంది.

శాంపిల్‌రేటు · ఆదివారం, రాత్రి 9:10

42 అనవసరం అనుకుంటాను. మెమరీకి ఇబ్బంది లేదు, నిజమే. 8 సెకన్ల మోనో అంటే 7 లక్షల బైట్లు, 42కీ కలిపి 30 ఎంబీ లోపే. ఎక్స్ఎఫ్‌లో శాంపిళ్లకి 128 ఎంబీ లోపలే ఉంది. కానీ 42 లూపులు ఎవరు సర్దుతారు? ఒక్కోదానికి అరగంట వేసుకోండి. నాటకం వచ్చే నెల. తంబురా వేరు, అందులో మీటు మీటుకీ లయ ఉంది, వేగం మారితే చెవికి వెంటనే దొరుకుతుంది. హార్మోనియంలో ఒక మెట్టు అటూ ఇటూ జరిపితే ఎవరికీ తెలియదు.

న్యూజెర్సీ_శృతి · ఆదివారం, రాత్రి 9:32

ఎవరికీ తెలియకపోవచ్చు. ముప్పై ఏళ్లు ఆ పెట్టె తొక్కిన ఆయనకి తెలుస్తుంది.

పాతరీలు · సోమవారం, ఉదయం 5:50

తెనాలి బాబూ, నీ పోస్టు చదివి పొద్దున్నే లేచి కూర్చున్నాను. తొంభైల మొదట్లో మద్రాసులో ఒక రికార్డింగ్ థియేటర్‌లో ప్రోగ్రామింగ్ చేశాను. మా దగ్గర అకాయ్ ఎస్1000 శాంప్లర్ ఉండేది. 2 ఎంబీ మెమరీ, మోనోలో 23 సెకన్లు, అంతే. ఆ 23 సెకన్లలోనే సన్నాయి, వీణ, కోరస్ "ఆ"కారం, అన్నీ సర్దుకోవాలి. పాట మారితే ఫ్లాపీ మార్చాలి, ఆ లోడయ్యే లోపల ఆర్కెస్ట్రా అంతా టీ తాగి వచ్చేది. మెమరీ చాలకపోతే టేపుని రెట్టింపు వేగంతో తిప్పి పట్టి, ఒక స్థాయి కింద వాయించేవాళ్లం. సగం జాగా మిగిలేది. పైనుండే ఊపిరి, గాలి చప్పుడు పోయేదనుకో, అయినా సినిమా హాల్లో ఎవరికి వినబడుతుంది!

సరే, నీ గుక్క సంగతి. అది లూప్ తప్పు కాదు, నీ పెట్టె గొప్పతనం. రెండు వరసల రీడ్లు తెరిచానన్నావు. ఒకే స్వరానికి రెండు రీడ్లు, అవి ఎప్పుడూ వెంట్రుకవాసి తేడాతో ఉంటాయి. ఉండాలి కూడా, లేకపోతే నాదంలో ఆ మెరుపు రాదు. రెండూ కలిసి మోగితే నాదం అలలాగ పెరుగుతూ తరుగుతూ ఉంటుంది. ఆ అలని నువ్వు మధ్యలో కోశావు. పైకి లేచిన అలని తీసుకెళ్లి పల్లంలో ఉన్న అలకి అతికిస్తే గుక్క కాక ఏమవుతుంది?

ఒక మెట్టు నొక్కిపట్టి, వాచీ పెట్టి, పది అలలకి ఎన్ని సెకన్లో లెక్కపెట్టి చెప్పు.

శాంపిల్‌రేటు · సోమవారం, ఉదయం 9:00

విస్పందనాలు! ఇంటర్ ఫిజిక్స్‌లో రెండు శృతిదండాల లెక్కలు చేసి చేసి, ఇక్కడ గుర్తుపట్టలేకపోయాను. సిగ్గుగా ఉంది. మాస్టారికి దండం.

తెనాలి_కీస్ · సోమవారం, రాత్రి 8:45

లెక్కపెట్టాను. నాన్న తొక్కుతుంటే ఫోన్‌లో స్టాప్‌వాచ్ పెట్టాను. మధ్య స్థాయి సాకి 10 అలలు, 8 సెకన్లు.

శాంపిల్‌రేటు · సోమవారం, రాత్రి 8:58

అదిగో దొరికింది. అలకి 0.8 సెకను. మీ లూప్ 2 సెకన్లు, అంటే అందులో రెండున్నర అలలు. ఆ మిగిలిన సగం అలే గుక్క. 0.8 సెకను అంటే 35,280 శాంపిళ్లు. లూప్‌కి రెండు అలలు పెడితే 70,560. మూడు పెడితే 1,05,840. ఎండ్‌ని కదపకుండా లూప్ పాయింట్‌ని ఆ దూరానికి తెచ్చి, అక్కడ్నుంచి కొద్దిగా అటూ ఇటూ, దిశ కలిసే దాటు దొరికేదాకా జరపండి.

తెనాలి_కీస్ · సోమవారం, రాత్రి 10:30

70,560 దగ్గర పెట్టి 43 శాంపిళ్లు వెనక్కి జరిపితే కుదిరింది!! కళ్లు మూసుకుని వింటే లూప్ ఎక్కడ తిరిగిందో తెలియట్లేదు. వంటింట్లోంచి అమ్మ "ఆ మోకాళ్లతో ఈ టైములో తొక్కుతున్నారేంటి" అని నాన్నని కేకేసింది. ఆయన మంచం మీద ఉన్నారు.

మిగతా 13 ఈ రాత్రికే పూర్తి చేస్తాను.

తెనాలి_కీస్ · మంగళవారం, తెల్లవారుజామున 1:52

కరెంటు పోయింది.

తొమ్మిది మెట్లు సర్దాను. ఒక్కటీ సేవ్ చేయలేదు. వచ్చాక ఆన్ చేసి చూస్తే వేవ్‌ఫారం (మెట్లకి తగిలించిన శాంపిళ్ల కట్ట) లిస్టు ఖాళీ. అసలు రికార్డింగులు కూడా లేవు.

ప్యాడ్స్_రాజు · మంగళవారం, ఉదయం 7:10

అయ్యో అన్నా 😔 నా ప్యాడ్‌లో అయితే పట్టింది పట్టినట్టు లోపలే ఉండిపోతుంది. మోటిఫ్‌లో ఉండదా?

శాంపిల్‌రేటు · మంగళవారం, ఉదయం 8:20

ఉండదు. ఎక్స్ఎఫ్‌లో ఆ 128 ఎంబీ ర్యామ్, పవర్ పోతే తుడిచిపెట్టుకుపోతుంది. నిలవాలంటే విడిగా అమ్మిన ఫ్లాష్ బోర్డు వేయించి దాంట్లోకి కాపీ చేయాలి. 512 ఎంబీది, 1 జీబీది అని రెండు రకాలు, రెండు స్లాట్లు. బోర్డు లేకపోతే యూఎస్‌బీలోకి ఆల్ ఫైల్‌గా సేవ్ చేసి, ఆన్ చేసిన ప్రతిసారీ లోడ్ చేసుకోవాలి. వాయిస్‌ని (టోను సెట్టింగుని) స్టోర్ చేస్తే చాలదు. అందులో ఉండేది "ఫలానా వేవ్‌ఫారం వాడు" అన్న చీటీ మాత్రమే, శబ్దం కాదు.

మెట్టుకొకసారి సేవ్ చేయండి, ప్రతిసారీ పేరు మార్చి. ఒక చిన్న యూపీఎస్ కూడా పెట్టుకోండి, నాటకం రోజు స్టేజీ మీద జనరేటర్ మార్చేటప్పుడు అవసరమవుతుంది. ఆన్ చేసి ఫైలు లోడయ్యేలోపు కృష్ణుడు పద్యం పూర్తి చేసి లోపలికి వెళ్లిపోతాడు.

తెనాలి_కీస్ · మంగళవారం, రాత్రి 9:00

తప్పు నాదే. మాన్యువల్ చదవకుండా దూకాను. ఈరోజు మోటిఫ్ మొహం చూడాలనిపించలేదు.

పాతరీలు · మంగళవారం, రాత్రి 9:40

బాధపడకు బాబూ, పోయిందే మంచిదయింది. ఎలాగూ మళ్లీ పట్టాలి కాబట్టి, ఈసారి వేరేలా పట్టు.

14 మెట్లకీ అలలు లెక్కపెట్టి కోయడం సాధ్యమే గానీ, పై మెట్లకి వెళ్లేకొద్దీ అల సెకనుకి మూడు నాలుగుసార్లు వస్తుంది, తొక్కుడులో చిన్న తేడా వచ్చినా అల వేగం మారుతుంది. మేము చేసేది చెప్తా విను. ముందున్న స్టాపు (రీడ్ల వరసని మూసే, తెరిచే బుడిపె) మూసి ఒక వరస రీడ్లు మాత్రమే మోగించి, మెట్లన్నీ పట్టు. తర్వాత అది మూసి రెండో వరస తెరిచి, అవే మెట్లు మళ్లీ పట్టు. ఒంటి రీడు నాదంలో అల ఉండదు, తిన్నగా ఉంటుంది. లూప్ ఎక్కడైనా కుదురుతుంది. ఆ రెండు వేవ్‌ఫారాలనీ వాయిస్‌లో రెండు ఎలిమెంట్లుగా (ఒకేసారి మోగే పొరలుగా) పక్కపక్కన పెట్టు. మెట్టు నొక్కితే రెండూ మోగుతాయి, రెండింటి మధ్య ఉన్న అసలు తేడా అలాగే ఉంటుంది కాబట్టి అల దానంతట అదే పుడుతుంది. లూపులో ఇరుక్కున్న అల కాదు, నిజం అల. రెండు మెట్లు పట్టుకుంటే దేని అల దానిది.

శృతి మాత్రం సర్దకు. ట్యూనర్ పెట్టి రెండు వరసలనీ సున్నాకి తెచ్చావంటే మొత్తం పోతుంది.

న్యూజెర్సీ_శృతి · బుధవారం, తెల్లవారుజామున 4:15

ఎంత అందమైన పరిష్కారం! ఎలిమెంట్లు రెండు వాడితే పాలిఫనీ (ఒకేసారి మోగగల స్వరాల లెక్క) సగమవుతుంది కదా, ఫరవాలేదా?

శాంపిల్‌రేటు · బుధవారం, ఉదయం 8:05

ఎక్స్ఎఫ్‌లో 128 స్వరాలు. సగమైతే 64. ఆయనకి వేళ్లు పదే.

తెనాలి_కీస్ · ఆదివారం, రాత్రి 10:10

నిన్నా ఇవాళా కూర్చుని మళ్లీ పట్టాను. 14 మెట్లు, రెండు వరసలు, 28 శాంపిళ్లు. నాన్నకి మోకాలు నొప్పి అని ఈసారి నేను తొక్కాను, ఆయన మెట్లు నొక్కారు. మొదటి గంట అంతా వృథా. నేను తొక్కితే నాదం బండి కుదుపులాగ వచ్చింది. "కాలు పెడలు మీద ఉండాలి గానీ మనసు తిత్తి మీద ఉండాలి" అన్నారు. తిత్తి సగం పైన నిండి ఉండేట్టు చూసుకుంటూ, చిన్న చిన్నగా తొక్కమన్నారు. అప్పుడు నిలబడింది.

పాతరీలు మాస్టారు చెప్పినట్టే ఒంటి రీడుకి లూప్ వెన్నలా కుదిరింది. ఒక్కోదానికి పది నిమిషాలు కూడా పట్టలేదు. రెండు ఎలిమెంట్లు కలిపి నొక్కగానే ఒళ్లు జలదరించింది.

ఒక కొత్త సమస్య. అన్నీ ఒకే లెవెల్‌లో ఉంటాయని 28కీ నార్మలైజ్ కొట్టాను. ఇప్పుడు కింది స్థాయి చిన్నబోయింది, పై మెట్లు చెవిలో పొడుస్తున్నాయి. పై మెట్లలో మైకు హిస్సు కూడా లేచింది.

శాంపిల్‌రేటు · ఆదివారం, రాత్రి 10:25

నార్మలైజ్‌కి సంగీతం తెలియదు. అది ఆ శాంపిల్‌లో అన్నిటికన్నా ఎత్తయిన శిఖరం ఎక్కడుందో చూసి, దాన్ని పైకప్పుకి తగిలేదాకా లేపుతుంది. పెట్టెలో పై రీడ్లు చిన్నవి, సహజంగా సన్నగా మోగుతాయి. వాటినీ కింది రీడ్లతో సమానంగా లేపేశారు. రెండు వరసల మధ్య ఉన్న తేడా కూడా చెరిగిపోయింది. జాబ్‌లన్నీ అసలు డేటానే మార్చేస్తాయి, దాని ముందు సేవ్ చేసిన ఫైలు ఉందా?

తెనాలి_కీస్ · ఆదివారం, రాత్రి 10:27

ఉంది!! నిన్నట్నుంచి 31 ఫైళ్లు సేవ్ చేశాను. కరెంటు నేర్పిన పాఠం.

శాంపిల్‌రేటు · ఆదివారం, రాత్రి 10:31

శభాష్. వెనక్కి వెళ్లి, నార్మలైజ్ లేకుండానే ఉంచండి. మొత్తంగా చిన్నగా ఉంటే వాయిస్ వాల్యూమ్ పెంచుకోండి.

ప్యాడ్స్_రాజు · ఆదివారం, రాత్రి 11:00

అన్నా ఒక మాట, మొదట్లో ఖాళీ కూడా చూసుకో. నా మొదటి డప్పు శాంపిల్‌లో దెబ్బకి ముందు 20 మిల్లీసెకన్లు నిశ్శబ్దం ఉండిపోయింది, అంటే 882 శాంపిళ్లు. వినేవాళ్లకి తెలియదు గానీ వాయించేటప్పుడు చేయి ఒకచోట, శబ్దం ఇంకోచోట. పెళ్లి బరాత్‌లో మా డ్రమ్మర్ నన్ను తిట్టిన తిట్టు ఇక్కడ రాయలేను. స్టార్ట్ పాయింట్‌ని దెబ్బ మొదలయ్యే అంచుకి తెచ్చి ఎక్స్‌ట్రాక్ట్ కొడితే ముందూ వెనకా ఉన్న చెత్త పోతుంది.

పాతరీలు · సోమవారం, ఉదయం 5:30

రాజు చెప్పింది డప్పుకి నిజం. హార్మోనియంకి జాగ్రత్త. కింది స్థాయి రీడు పెద్దది, గాలి తగిలాక లేవడానికి కాస్త సమయం తీసుకుంటుంది. "హుఁ" అని మొదలయ్యేది నిశ్శబ్దం కాదు, నాదమే. అది కోశావంటే ఆర్గాన్ అయిపోతుంది. నిశ్శబ్దం కోయి, ఊపిరి కోయకు.

తెనాలి_కీస్ · గురువారం, రాత్రి 9:20

ఈరోజు నాన్నకి పూర్తిగా వినిపించాను. మోటిఫ్‌ని ఆయన పెట్టె పక్కనే పెట్టి, ఆయన్నే వాయించమన్నాను. మొదట కాలు దానంతట అదే కింద వెతుక్కుంది, పెడలు లేదు. నవ్వుకున్నారు. తర్వాత ఒక పద్యం ఎత్తుకుని మోహనలో రాగం తీశారు, ఏమీ అనలేదు. రెండోది మాయామాళవగౌళలో వాయిస్తూ సగంలో ఆపి, సాకి పక్కనున్న నల్లమెట్టు మీద వేలు పెట్టి మూడుసార్లు నొక్కారు.

"ఈ మెట్టు ఎవరిది?" అన్నారు.

నాకు అర్థం కాలేదు. లేచి వెళ్లి ఆయన పెట్టె మీద అదే మెట్టు నొక్కి నన్ను తొక్కమన్నారు. ఆ రీడు సన్నగా జీరగా మోగుతుంది. ఎప్పుడో బందరులో వానకి తడిసిందట, గీకించారట, జీర పోలేదట. నా వేవ్‌ఫారంలో ఆ మెట్టుకి శాంపిల్ లేదు, పక్క మెట్టుదాన్ని ఒక అర్ధస్వరం సాగదీశాను. అంటే జీర లేదు, శుభ్రంగా ఉంది. ఆయనకి అదే నచ్చలేదు. "శుద్ధ రిషభం ఇలా పలకదు నా దాంట్లో" అన్నారు.

న్యూజెర్సీ గారూ, మీరు గెలిచారు.

న్యూజెర్సీ_శృతి · శుక్రవారం, ఉదయం 6:10

🙏🙏 నేను గెలవలేదండీ, ఆ రీడు గెలిచింది. ఇప్పుడు 42 పడతారా?

శాంపిల్‌రేటు · శుక్రవారం, ఉదయం 8:00

"ఎవరికీ తెలియదు" అన్నది నేనే. వెనక్కి తీసుకుంటున్నాను. అయినా 42 వద్దు, నాన్నగారిని ఒక్కో మెట్టూ అడగండి. ఏ మెట్లకి ప్రత్యేకమైన గొంతు ఉందో ఆయనే చెప్తారు, అవి మాత్రం విడిగా పట్టండి.

తెనాలి_కీస్ · ఆదివారం, సాయంత్రం 5:45

అలాగే చేశాను. ఆయన మెట్టుమెట్టుకీ వేలు పెట్టి ఐదు చెప్పారు. ఆ జీర మెట్టు, పైన రెండు (ఒకటి కొంచెం ఆలస్యంగా లేస్తుంది, ఇంకోటి ఆయన మాటల్లో "ముక్కుతో మాట్లాడుతుంది"), కింద రెండు. ఇప్పుడు మొత్తం 19 మెట్లు, రెండు వరసలు, 38 శాంపిళ్లు. జీర ఉన్న రీడుకి లూప్ కుదరడానికి మాత్రం చుక్కలు కనిపించాయి. జీర ఒక్కో క్షణం ఒక్కోలా ఉంటుంది, పొట్టి లూప్ పెడితే కందిరీగ. చివరికి మూడున్నర సెకన్ల లూప్ పెట్టాను. అది తిరిగేలోపు ఏ నటుడికైనా ఊపిరి అయిపోవాలి.

ఇంకో సంగతి, పెట్టె శృతి 440 లెక్కకి 15 సెంట్లు పైన ఉంది. సర్దుదామా అంటే నాన్న వద్దన్నారు. తబలా, వయొలిన్ ఎలాగూ దీనికే కలుపుకుంటారు.

పాతరీలు · ఆదివారం, రాత్రి 7:00

వదిలెయ్. ఇక చివరి పని, మెట్టు వదలగానే టక్కున ఆగిపోకుండా ఎన్వలప్‌లో రిలీజ్ కాస్త పెంచు, వెంట్రుకంత. ఎక్కువైతే గుళ్లో మోగినట్టుంటుంది. రివర్బ్ వేయకు, మైదానంలో మైకుసెట్టువాడు తన వంతు ఎలాగూ వేస్తాడు.

ప్యాడ్స్_రాజు · ఆదివారం, రాత్రి 7:30

అన్నా ఆ ఫైలు ఇస్తావా? మా దగ్గర భజన బృందం వాళ్లు అడుగుతున్నారు. మోటిఫ్ లేదు, వేవ్ ఫైళ్లుగా ఇస్తే చాలు.

తెనాలి_కీస్ · ఆదివారం, రాత్రి 7:41

నాన్నని అడగాలి రాజన్నా, పెట్టె ఆయనది.

తెనాలి_కీస్ · బుధవారం, రాత్రి 1:05

నాటకం ఇప్పుడే అయింది. యూపీఎస్ రెండుసార్లు కాపాడింది. మొదటి పద్యానికి నటుడు రిహార్సల్‌లో చెప్పిన శృతి వదిలేసి అర పైకి ఎత్తుకున్నాడు, చెమటలు పట్టాయి గానీ పట్టుకున్నాను. రెండు వన్స్‌మోర్లు పడ్డాయి, అవి ఆయనకే లెండి.

నాన్న ముందు వరసలో కుర్చీ వేయించుకుని కూర్చున్నారు. కింద కూర్చుని చూస్తున్నంతసేపూ పద్యం పద్యానికీ ఆయన కుడికాలు ఆడుతూనే ఉంది.

రాజన్నా, వేవ్ ఫైళ్లు ఇవ్వమన్నారు. ఆ జీర మెట్టుతో సహా ఇవ్వమన్నారు. రేపు నిద్ర లేచాక పెడతాను.